ముత్యాల వరుస: ఒక నిరపాయ లక్షణం వైద్యచరిత్ర

యౌవనం మొదలైన తరువాత పురుషులలో పలువురికి శిశ్నమణి అంచున, అంటే శిశ్నాగ్రం వెనుక ఎత్తుగా కనిపించే గట్టు మీద, ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించని చిన్న బొడిపెలు ఒకటో రెండో వరుసలుగా ఏర్పడతాయి. ఇవి నొప్పి పెట్టవు, దురద పుట్టించవు, ఒకరి నుంచి మరొకరికి అంటవు, క్యాన్సర్‌గా మారవు. ఆధునిక చర్మవైద్యం వీటిని ‘పర్లీ పెనైల్ పాప్యూల్స్’ అంటుంది. శిశ్నదండం మీది చర్మంలో తెల్లగానో లేత పసుపుగానో కనిపించే చుక్కలు వేరొక రకానివి, వృషణకోశం మీద వయసు పైబడినకొద్దీ తేలే ముదురు ఎరుపు, ఊదారంగు చుక్కలు మూడో రకానివి. ఈ మూడూ రోగాలు కావన్నది నేడు వైద్యులందరూ అంగీకరించిన విషయమే అయినా, ఆ అంగీకారం కుదరడానికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది. రోగాన్ని గుర్తించే కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ ఈ బొడిపెలు మళ్లీ అనుమానానికి గురికావడం, మళ్లీ కొత్త పరీక్షకు నిలబడి బయటపడవలసి రావడం ఈ చరిత్రలోని ప్రత్యేకత.

భారతీయ వైద్యగ్రంథాలలో పురుషాంగం మీది పొక్కుల ప్రస్తావన చాలా పాతది. సుశ్రుత సంహిత నిదానస్థానంలో ‘ఉపదంశం’ అనే పేరుతో పుండ్లను వివరించిన అధ్యాయం ఒకటి ఉండగా, ‘శూకదోషం’ అనే మరో అధ్యాయం పూర్తిగా వేరే సంగతి చెబుతుంది. అంగాన్ని పెద్దది చేసుకోవాలన్న కోరికతో శూకమనే దురద పుట్టించే పదార్థాన్ని పూసుకున్నవారికి కలిగే పద్దెనిమిది వికారాల జాబితా అది. ఆవగింజల వంటి పొక్కులు లేచే ‘సర్షపిక’, తామరదుద్దులోని గింజల అమరికను తలపించే ‘పుష్కరిక’ వంటివి అందులో ఉన్నాయి. పొక్కు పరిమాణాన్ని, అమరికను, అది లేచిన చోటును ఇంత శ్రద్ధగా వేరుచేసిన రచయిత చూపు నిశితమైనదే. అయితే గమనించవలసినది ఒకటుంది: ఆ అధ్యాయంలోని ప్రతి పొక్కుకూ ఒక కారణం, ఒక తప్పిదం ఉన్నాయి. ఏ తప్పిదమూ లేకుండా, పుట్టుకతోనో ఎదుగుదలతోనో సహజంగా వచ్చే పొక్కుకు అక్కడ చోటు లేదు. రోగాన్ని వివరించడానికే పుట్టిన శాస్త్రం ఆరోగ్యాన్ని విడిగా వర్ణించకపోవడం సుశ్రుతుడి లోపం కాదు. ఆ తరువాత రెండు వేల ఏళ్లపాటు ప్రపంచంలో దాదాపు అన్ని వైద్య సంప్రదాయాలదీ అదే తీరు.

ఐరోపాలో భయం అనేది ఈ కథలోకి ప్రవేశించిన కాలాన్ని కొంత కచ్చితంగానే చెప్పవచ్చు. 1495లో ఫ్రెంచి సైన్యం నేపుల్స్‌ను ఆక్రమించిన సమయంలో విజృంభించిన కొత్త వ్యాధి కొద్ది ఏళ్లలోనే ఖండమంతా పాకింది. 1530లో ఇటలీ వైద్యుడు జిరోలామో ఫ్రకాస్టోరో రాసిన లాటిన్ కావ్యం వల్ల దానికి ‘సిఫిలిస్’ అన్న పేరు స్థిరపడింది. పోర్చుగీసు నౌకల రాకతో ఆ వ్యాధి మన దేశానికీ చేరగా, పదహారో శతాబ్దపు భావప్రకాశంలో భావమిశ్రుడు దానిని ‘ఫిరంగరోగం’ అన్నాడు. తెలుగునాట వాడుకలో అది సవాయి అయింది. దానికి మందు అన్ని చోట్లా పాదరసమే. పళ్లు కదిలి, చిగుళ్లు వాచి, నోట చొంగ ధారగా కారే దాకా పాదరసం వాడించడం ఆనాటి పద్ధతి. పుండును చూసి రోగాన్ని నిర్ణయించడం తప్ప మరో మార్గం లేని ఆ రోజులలో, పుండు కానిదాన్ని పుండుగా పొరబడితే దాని ఫలితం రోగి శరీరానికి విషమే అయ్యేది.

ఈ ప్రమాదాన్ని గుర్తించినవారు లేకపోలేదు. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1786లో సుఖవ్యాధులపై వెలువరించిన గ్రంథంలో సిఫిలిస్‌ను పోలి, సిఫిలిస్‌గా పొరబడే ఇతర వ్యాధుల కోసం ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించాడు. అయితే అదే హంటర్ సెగరోగమూ సిఫిలిసూ ఒకే విషం వల్ల వస్తాయని గట్టిగా నమ్మి, ఆ పొరపాటును అర్ధ శతాబ్దంపాటు వైద్యలోకానికి అంటగట్టాడు. ఆ రెండూ వేరని పారిస్‌లో ఫిలిప్ రికోర్ 1838లో నిరూపించే వరకు తికమక కొనసాగింది. పెద్ద రోగాల విషయంలోనే ఇంత గందరగోళం ఉన్నప్పుడు మిల్లీమీటరు బొడిపెను తీరిగ్గా పరిశీలించే వ్యవధి ఎవరికి ఉంటుంది?

అయినా శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు అప్పటికే ఆ బొడిపెలను చూశారు. లండన్‌లో ఎడ్వర్డ్ టైసన్ అనే వైద్యుడు ముందోలు లోపలి భాగంలోనూ శిశ్నమణి గట్టు వెనుకా ఉన్న సూక్ష్మ నిర్మాణాలను గమనించగా, అతని సమకాలికుడు విలియం కౌపర్ 1694లో ప్రచురించిన గ్రంథంలో వాటికి టైసన్ పేరు పెట్టాడు. ముందోలు కింద పేరుకునే తెల్లని మురికిని, వాసనను ఈ గ్రంథులే స్రవిస్తాయన్నది వారి ఊహ. 1700 ప్రాంతంలో పారిస్‌లో అలెక్సిస్ లిట్రే, ఆ తరువాత పాడువాలో మోర్గాన్యీ గట్టు మీది బొడిపెలను వర్ణించారు. ఆ విధంగా అవి రోగం కావన్న సంగతి పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లకే శరీరనిర్మాణ గ్రంథాలలో నమోదైపోయింది, అయితే తప్పు పేరుతో. గ్రంథి కానిదాన్ని గ్రంథి అనడం వల్ల ‘టైసన్ గ్రంథులు’ అన్న మాట పాఠ్యపుస్తకాలలో రెండున్నర శతాబ్దాలకు పైగా నిలిచింది. 1969లో హైమన్, బ్రౌన్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద కణజాలాన్ని పరీక్షించి, గట్టు మీది బొడిపెలలో గ్రంథి ఏదీ లేదని, టైసన్ పేరు మోస్తున్నవి నిజానికి రెండు వేర్వేరు సంగతులని తేల్చారు. మరి ఆ నడిమి కాలమంతా జబ్బు చేసిందన్న భయంతో వచ్చిన రోగికి శరీరనిర్మాణ గ్రంథంలోని ఆ వాక్యం ఎందుకు చేరలేదంటే, శవాన్ని కోసే గదికీ సుఖవ్యాధుల వార్డుకూ మధ్య రాకపోకలు లేకపోవడమే ప్రధాన కారణమని చెప్పాలి.

చర్మవైద్యం ప్రత్యేక శాస్త్రంగా నిలదొక్కుకున్నది పందొమ్మిదో శతాబ్దంలో. లండన్‌లో రాబర్ట్ విల్లన్ 1798 నుంచి భాగాలుగా ప్రచురించిన గ్రంథంలో చర్మ వికారాలన్నిటినీ కంటికి కనిపించే ఆకారాన్ని బట్టి ఎనిమిది తరగతులుగా విభజించాడు. ద్రవం లేని చిన్న గట్టి ఉబ్బు ‘పాప్యూల్’, చీము ఉంటే ‘పస్ట్యూల్’, నీరు ఉంటే ‘వెసికిల్’ అనే ఈ పదజాలాన్నే నేటికీ వైద్యులు వాడుతున్నారు. విల్లన్ శిష్యుడు థామస్ బేట్‌మన్ 1817లో వర్ణించిన ‘మొలస్కం కంటేజియోసం’ అనే అంటుపొక్కు, నడుమ చిన్న గుంట ఉండడం వల్ల, మన బొడిపెల నుంచి సులువుగా వేరుపడుతుంది.

పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రి ఈ కాలపు చర్మవైద్యానికి రాజధాని. అక్కడి వైద్యుడు లైయె ఒకనాడు పారిస్‌లోని ఒక దుకాణంలో గుజ్జుకాగితంతో చేసిన నకిలీ పండ్లను చూసి, వాటి సహజత్వానికి ఆశ్చర్యపోయి, వాటిని చేసిన జూల్ బరెట్టాను ఆసుపత్రికి పిలిపించాడు. 1867 నుంచి బరెట్టా రోగుల శరీరభాగాలకు ప్లాస్టర్ అచ్చులు తీసి, వాటిలో రంగు కలిపిన మైనం పోసి, నిజమైన వెంట్రుకలు ఒక్కొక్కటిగా గుచ్చి, చుట్టూ తెల్లని గుడ్డను మడతలు వేసి, నల్లని పలక మీద అమర్చేవాడు. ‘మూలాజ్’ అని పిలిచే ఈ మైనపు నమూనాలు ఆయన జీవితకాలంలో వేల సంఖ్యకు చేరగా, 1889లో తొలి అంతర్జాతీయ చర్మవైద్య మహాసభ సందర్భంగా వాటికోసం ఒక ప్రత్యేక భవనం తెరిచారు. ఆ అరలలో సిఫిలిస్ సోకిన పురుషాంగాలు దశలవారీగా బారులు తీరి ఉంటాయి. వైద్యవిద్యార్థి కంటికి శిక్షణ ఇవ్వడానికి అంతకు మించిన సాధనం ఆ రోజులలో లేదు. అయితే ఆ శిక్షణ అంతా రోగాన్ని గుర్తించే శిక్షణే. ఆరోగ్యవంతుల చర్మంలో ఎంత వైవిధ్యం ఉంటుందో నేర్చుకోవడానికి ఆ పద్ధతిలో అవకాశం తక్కువ.

అదే మైనపు నమూనా వైద్యుల చేతి నుంచి జారి బజారుకు వచ్చినప్పుడు ఏమవుతుందో లండన్‌లో కనిపించింది. జోసెఫ్ కాన్ అనే వ్యక్తి 1851లో అక్కడ తెరిచిన శరీరనిర్మాణ ప్రదర్శనశాలకు టికెట్ కొని వచ్చే పురుషులు మామూలు అవయవాల నమూనాలను చూసుకుంటూ, చివరకు సుఖవ్యాధుల భయంకర దృశ్యాల ముందుకు చేరేవారు. అక్కడి ఉపన్యాసం విని గుండెలు జారి బయటికి వచ్చినవారికి రహస్య చికిత్స అమ్మే ఏర్పాటు పక్కనే ఉండేది. 1873లో అశ్లీల ప్రచురణల చట్టం కింద పోలీసులు ఆ ప్రదర్శనను మూయించి, నమూనాలను పగులగొట్టించారు. ఈ వ్యాపారం నడిచిన తీరు చాలా సరళం: ముందు భయం కలిగించాలి, తరువాత ఆ భయానికి మందు అమ్మాలి. రోగం ఉన్నవారి కంటే లేనివారు ఇలాంటి వ్యాపారికి మేలైన ఖాతాదారులు, ఎందుకంటే లేని రోగాన్ని నయం చేయడంలో వైఫల్యం ఉండదు. సిఫిలిస్ సోకిందన్న అకారణ భయానికి ఆ శతాబ్దపు వైద్యులే ‘సిఫిలోఫోబియా’ అని పేరు పెట్టడాన్ని బట్టి అది ఎంత విస్తృతమో ఊహించవచ్చు. గౌరవనీయులైన వైద్యులకూ ఈ భయంలో కొంత పాత్ర ఉందనక తప్పదు. పారిస్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫూర్నియే 1901లో స్థాపించిన నివారణ సంఘం యువకులను హెచ్చరించడానికి భయాన్నే ఆయుధంగా ఎంచుకుంది.

ఈ వాతావరణంలో నిరపాయమైనవాటికి పేరు పెట్టిన వ్యక్తి అమెరికాకు చెందిన జాన్ అడిసన్ ఫోర్డైస్. న్యూయార్క్‌లో చర్మవ్యాధులకు, సిఫిలిస్‌కు చికిత్స చేసిన ఈ వైద్యుడు 1896లో రెండు వేర్వేరు వ్యాసాలు ప్రచురించాడు. ఒకటి పెదవుల మీద, బుగ్గల లోపల కనిపించే పసుపు చుక్కల గురించి, రెండవది వృషణకోశం మీది ముదురు ఎరుపు చుక్కల గురించి. మొదటివి వెంట్రుక కుదురుతో సంబంధం లేకుండా నేరుగా చర్మంలో తెరుచుకునే నూనెగ్రంథులని, శిశ్నదండం మీది లేత చుక్కలూ అవేనని తరువాత తేలింది. రెండవవి చర్మం పైపొర కిందే వ్యాకోచించిన చిన్న రక్తనాళాలు, వాటి మీద కాస్త మందమైన చర్మం. ఇటలీ వైద్యుడు మిబెల్లీ 1889లో వేరొక సందర్భంలో వాడిన ‘ఆంజియోకెరటోమా’ అన్న పేరు వీటికీ వర్తించింది. సిఫిలిస్ పుండును అనుదినం చూసే వైద్యుడే సిఫిలిస్ కానిదాన్ని కూడా ఓపికగా వర్ణించాడు. రోగాన్ని బాగా ఎరిగినవాడికే రోగం కానిది కళ్లపడుతుందేమో.

బెర్లిన్‌లో అబ్రహాం బుష్కె విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 1909లో ఆయన శిశ్నమణి గట్టు మీది బొడిపెల ప్రాముఖ్యంపై ఒక వ్యాసం రాసి, అవి సుఖవ్యాధి వల్ల వచ్చే పులిపిర్లు కావని స్పష్టం చేశాడు. పదహారేళ్ల తరువాత, 1925లో, లోతుగా చొచ్చుకుపోయే భారీ పులిపిరిని లోవెన్‌స్టీన్‌తో కలిసి వర్ణించినదీ ఆయనే. యూదుడైన కారణంగా నాజీ ప్రభుత్వం ఆయనను టెరెజియన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పంపగా, 1943లో అక్కడే మరణించాడు. ఆ లోపల సిఫిలిస్ కథ మారిపోయింది. 1905లో షౌడిన్, హాఫ్‌మన్ దాని సూక్ష్మజీవిని కనుగొన్నారు, 1906లో వాసెర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది, 1910లో సాల్వర్సాన్ మందు అందుబాటులోకి వచ్చింది, 1943లో పెన్సిలిన్ ఆ వ్యాధిని లొంగదీసింది. రక్తపరీక్ష చేతికి వచ్చాక బొడిపెకూ సిఫిలిస్‌కూ ఉన్న ముడి తెగింది.

గట్టు మీది బొడిపెలకు నేటి పేరు 1964లో వచ్చింది. జాన్సన్, బాక్స్టర్ అనే ఇద్దరు రచయితలు అమెరికాలోని ఒక ప్రముఖ చర్మవైద్య పత్రికలో వాటిని ముత్యాలతో పోలుస్తూ ఆ పేరు వాడారు. ఆ తరువాత వేర్వేరు దేశాలలో జరిగిన పరిశీలనలలో ఇవి పురుషులలో సుమారు 14 నుంచి 48 శాతం వరకు కనిపించాయి. యువకులలో ఎక్కువగా, వయసు పెరిగేకొద్దీ తక్కువగా, సున్తీ చేయించుకున్నవారిలో ఇంకా తక్కువగా ఉంటాయని కూడా తెలిసింది. 1973లో అకర్‌మన్, కార్న్‌బర్గ్ వీటిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, రక్తనాళాలు, నార కణజాలం కలిసిన సాధారణ నిర్మాణాలని నిర్ధారించారు. దీనితో విషయం ముగిసిపోవలసింది.

ముగియకపోవడానికి కారణం కొత్త భయం. 1980లో జననాంగపు పులిపిర్ల నుంచి హ్యూమన్ పాపిలోమా వైరస్ ఆరవ రకాన్ని వేరుచేయడం, 1983లో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం గర్భాశయముఖ క్యాన్సర్‌లో పదహారవ రకాన్ని కనుగొనడం వైద్యచరిత్రలో గొప్ప ఘట్టాలు. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధన ఇదే. అయితే భార్యలో వైరస్ కనిపిస్తే భర్తను కూడా పరీక్షించాలన్న ఆలోచన బలపడి, పురుషాంగం మీద పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వినిగర్‌లో ఉండే ఆమ్లం, అద్ది, తెల్లబడిన చోటును భూతద్దంతో వెతకడం ఆ దశాబ్దంలో మొదలైంది. తెల్లబడడం వైరస్‌కు మాత్రమే పరిమితమైన గుర్తు కాదు. చిన్న ఒరిపిడి, మంట కూడా అదే రంగు చూపిస్తాయి. నిరపాయమైన బొడిపెలు పులిపిర్ల జాబితాలో చేరే ప్రమాదం మళ్లీ తలెత్తగా, మాంట్రియాల్‌కు చెందిన ఫెరెన్సీ సహచరులతో కలిసి, డీఎన్‌ఏను కోట్ల రెట్లు పెంచి చూపే పీసీఆర్ పద్ధతిలో వాటిని పరీక్షించి, పాపిలోమా వైరస్ లేదని 1991లో ప్రకటించాడు. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇదే విషయాన్ని ధ్రువపరిచారు. కంటిచూపు, సూక్ష్మదర్శిని, డీఎన్‌ఏ పరీక్ష, ఈ మూడింటి ముందూ ఆ బొడిపెల సమాధానం ఒక్కటే.

ఇవి అసలెందుకు ఉన్నాయన్న ప్రశ్నకు ఒక ఊహాత్మక సమాధానం ఉంది. చింపాంజీ వంటి అనేక జంతువుల శిశ్నం మీద చర్మంతో ఏర్పడిన చిన్న ముళ్లుంటాయి. మనిషిలో అవి లేకుండా పోవడానికి ఒక నియంత్రణ డీఎన్‌ఏ ఖండం తొలగిపోవడమే కారణమని 2011లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. ముత్యపు బొడిపెలు ఆ ముళ్ల అవశేషాలు కావచ్చునని కొందరు అంటారు గాని, అది రుజువు కాని ఊహ. యాదృచ్ఛికమే అయినా, అంగోలా నుంచి వచ్చి లండన్‌లో చనిపోయిన ఒక చింపాంజీ పిల్లను 1698లో కోసి, మరుసటి ఏడు దాని శరీరనిర్మాణాన్ని తొలిసారి సవివరంగా ప్రచురించినవాడు మన కథలో గ్రంథులకు పేరిచ్చిన టైసనే.

తెలుగు ప్రాంతాలకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం రెండు దారులలో సాగింది. వలస ప్రభుత్వం 1864 కంటోన్మెంట్ చట్టం, 1868 అంటువ్యాధుల చట్టం కింద సైనిక స్థావరాలలో ‘లాక్ హాస్పిటల్’ అనే నిర్బంధ ఆసుపత్రులు నడిపింది. అక్కడ బలవంతంగా పరీక్షించి, పేరు నమోదు చేసి, నిర్బంధించినది వేశ్యావృత్తిలో ఉన్నారని అనుమానించిన స్త్రీలనే. పురుషుల ఆరోగ్యం కోసమే నడిచిన ఆ వ్యవస్థ చట్టం పేరుతో వెతికినది మాత్రం స్త్రీల దేహాలలో. రెండో దారి మందుల ప్రకటనలది. స్వాతంత్ర్యం తరువాత 1954లో వచ్చిన ‘డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్’ చట్టం సుఖవ్యాధులకు, లైంగిక బలహీనతకు మందు ఉందని ప్రకటించడాన్ని నిషేధించింది. దానిని ప్రశ్నించిన హమ్‌దర్ద్ దవాఖానా కేసులో సుప్రీంకోర్టు ప్రకటనలపై నిషేధం వాక్స్వాతంత్ర్యానికి భంగం కాదని తేల్చినా, చట్టంలోని కొన్ని నిబంధనలను కొట్టివేసింది. చట్టం ఉన్నా రైల్వే గోడల మీద గుప్తరోగాల రాతలు చెరిగిపోలేదు. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో ఫలానా గది నంబరులో డాక్టరుగారు దొరుకుతారన్న కరపత్రాలు తెలుగు పట్టణాల బస్టాండ్లలో చాలాకాలం పంచారు. ఆ గది తలుపు వేసుకుని రోగి చూపించే మొదటి సంగతి తరచు ఒక చుక్కో బొడిపెయో కావడంలో వింత లేదు, ఎందుకంటే ఇంట్లో అడగలేని ప్రశ్న అది. విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం స్వాతి వారపత్రికలో దశాబ్దాలపాటు నిర్వహించిన ప్రశ్నోత్తరాల శీర్షికకు అంతటి ఆదరణ లభించడానికి మూలం ఇక్కడే ఉంది: పేరు బయటపెట్టకుండా అడిగే వీలు, జవాబులో చీవాట్లు ఉండకపోవడం.

నేటి చర్మవైద్యుడు ఈ బొడిపెలను గుర్తించడానికి కోత వేయవలసిన పని సాధారణంగా ఉండదు. వరుసగా, ఒకే పరిమాణంలో, ఏళ్ల తరబడి మారకుండా గట్టును అంటిపెట్టుకుని ఉండడమే మొదటి గుర్తు. పులిపిర్లు ఇలా క్రమంగా ఉండవు, ఒకచోట మొలిచి మరోచోటికి పాకుతాయి, గరుకుగా ఉంటాయి. నొప్పి, పుండు, రక్తస్రావం, వేగంగా పెరగడం ఉంటే మాత్రం అది ఈ కోవకు చెందినది కాదు, వైద్యుడికి చూపించవలసినదే. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో ఈ బొడిపెలను తొలగించే సేవను పట్టణాల క్లినిక్కులు అందిస్తున్నా, దాని అవసరం అందానికి సంబంధించినదే తప్ప ఆరోగ్యానికి సంబంధించినది కాదు. అనుమానం ఉన్నచోట వైద్యుడు డెర్మోస్కోప్ అనే చేతి భూతద్దాన్ని ఆనించి చూస్తాడు. పది రెట్లు పెద్దదిగా కనిపించే ఆ వలయంలో ఒక్కొక్క బొడిపె తెల్లని అంచుతో విడివిడిగా నిలిచి, నడుమ చుక్కగానో కామాగానో ఒక సన్నని రక్తనాళం కనిపిస్తుంది.